సరిహద్దుకు ఈవల, ఆవల
(హిజ్లీలో తెలుగు యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక భాష ఎక్కడ నివసిస్తుంది? ఈ ప్రశ్నను నేడు మీ ముందు ఉంచదలచాను. పాఠ్యపుస్తకం దీనికి సులువైన సమాధానం చెబుతుంది. తెలుగు ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను, బెంగాలీ పశ్చిమ బెంగాల్‌లో, ఒడియా ఒడిశాలో. పటంలో ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క రంగు వేసి, ఆ రంగుకు ఒక భాష పేరు పెడితే పాఠం ముగుస్తుంది. కాని ఆ పటాన్ని చేతబట్టుకొని ఖరగ్‌పూర్ గోల్ బజారులోకి అడుగుపెట్టినవారికి అది అంతగా అక్కరకు రాదు. కూరల అంగడిలో బెంగాలీ, పక్క దుకాణంలో హిందీ, బేరమాడుతున్న ఇల్లాలి నోట శ్రీకాకుళపు తెలుగు, బుట్టతో వచ్చిన పల్లెవాసి నోట సంతాలీ వినవస్తాయి. ఇన్ని భాషలకు పటంలో ఒక్క రంగే ఉంది.

ఈ విషయాన్ని మన ఊరి నుండే చూస్తే మమకారం అడ్డువస్తుంది. అందుచేత ముందుగా మనకు ఏ సంబంధమూ లేవనిపించే రెండు దూరదేశ భాషలను చూచి, ఆ తరువాత హిజ్లీకి తిరిగి వద్దాము. అవి డేనిష్, లాట్వియన్ భాషలు.

డేనిష్ డెన్మార్క్ దేశపు భాష. ఆ దేశ జనాభా 60 లక్షలకు దగ్గరగా ఉన్నది. లాట్వియన్ బాల్టిక్ సముద్రపు తూర్పు తీరాన ఉన్న లాట్వియా దేశపు భాష. ఆ దేశ జనాభా సుమారు 19 లక్షలు. లాట్వియన్ మాతృభాషగా గలవారు 15 లక్షల ప్రాంతం. మన 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. మన సంతాలీ భాషీయులే 73 లక్షలు, అనగా డేనిష్ వారికన్న అధికులు. అయినను ఆ రెండు చిన్న భాషలు తమ దేశాలలో శాసనసభలను, న్యాయస్థానాలను, విశ్వవిద్యాలయాలను నడుపుతున్నాయి. ఐరోపా సమాఖ్యలో 1973 నుండి డేనిష్, 2004 నుండి లాట్వియన్ అధికార భాషలుగా ఉన్నాయి.

రెండూ ఇండో యూరోపియన్ కుటుంబానికి చెందినవే. డేనిష్ జెర్మానిక్ శాఖలోనిది. నార్వే, స్వీడన్ దేశాల భాషలకు సోదరి. లాట్వియన్ బాల్టిక్ శాఖలోనిది. ఆ శాఖలో నేటికి సజీవంగా ఉన్న మరొక ప్రధాన భాష లిథువేనియన్ మాత్రమే. లాట్వియన్‌లో నిప్పును ‘ఉగున్స్’ అంటారు, మన అగ్ని స్ఫురిస్తుంది. రెండు, మూడు, నాలుగు అన్న సంఖ్యలు వారికి ‘దివి, త్రీస్, చెత్రి’. సంస్కృతం చదివినవారు వీటిని అట్టే పోల్చుకోగలరు. ఆ విధంగా చూస్తే వేల మైళ్ల దూరాన ఉన్న లాట్వియన్, ఇక్కడి బెంగాలీకి దూరపు చుట్టం. బెంగాలీవారి పక్కింట నాలుగు తరాలుగా కాపురముంటున్న మన తెలుగు మాత్రం వేరొక కుటుంబానికి, ద్రావిడ కుటుంబానికి చెందినది. సంతాలీ మూడవదైన ముండా శాఖకు చెందినది. భాషల చుట్టరికం ఒకటి, ఇరుగుపొరుగు మరొకటి అని దీనివల్ల తెలుస్తుంది. మనుషుల విషయంలోనూ అంతే కదా!

ఇక ఈ రెండు భాషలు ఎక్కడెక్కడ మాట్లాడబడుతున్నాయో చూద్దాము.

డేనిష్ ఒకప్పుడు రాజ్యంతోపాటు విస్తరించిన భాష. నార్వే 1814 వరకు డెన్మార్క్ రాజుల పాలనలో ఉండుటచేత నార్వే వ్రాతభాషపై డేనిష్ ముద్ర గాఢంగా పడింది. ఫారో దీవులలో 1948 నాటి స్వపరిపాలన చట్టం ఫారోయీ భాషను ప్రధాన భాషగా గుర్తించి, డేనిష్‌ను కూడ చక్కగా నేర్పవలెనన్నది. గ్రీన్‌లాండ్‌లో 2009 నుండి గ్రీన్‌లాండిక్ ఒక్కటే అధికార భాష. అయినను డేనిష్ వాడుకలో ఉన్నది. ఐస్‌లాండ్ 1944లో డెన్మార్క్ రాజరికం నుండి విడివడినను, అక్కడి బాలబాలికలు బడిలో డేనిష్ నేర్చుకుంటూనే ఉన్నారు.

మనకు ఇంతకన్న ముఖ్యమైనది డెన్మార్క్‌కు దక్షిణాన, జర్మనీలో ఉన్న ఫ్లెన్స్‌బర్గ్ పట్టణ ప్రాంతం. 1864 యుద్ధంలో డెన్మార్క్ ష్లెస్విగ్ ప్రాంతాన్ని కోల్పోయింది. 1920లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి ఆ ప్రాంతాన్ని పంచినప్పుడు, ఉత్తర భాగం డెన్మార్క్‌కు, దక్షిణ భాగం జర్మనీకి చెందాయి. గీత ఎక్కడ గీచినను కొందరు ఈవల, కొందరు ఆవల మిగిలిపోవడం తప్పదు. జర్మనీలో మిగిలిన డేనిష్ వర్గం నేడు సుమారు 50 వేల మంది. వారికి శిశువిహారాలున్నాయి, బడులున్నాయి, ఫ్లెన్స్‌బర్గ్‌లో గ్రంథాలయమున్నది, 1869లో స్థాపించబడిన దినపత్రిక ఉన్నది.

1955లో జర్మనీ, డెన్మార్క్ ప్రభుత్వాలు రెండూ వేర్వేరుగా ప్రకటనలు చేశాయి. వాటి సారాంశం ఇది: తాను ఏ వర్గానికి చెందినవాడో చెప్పుకోవడం ఆ వ్యక్తి ఇష్టం, అధికారులు దానిని పరీక్షింపరాదు, ప్రశ్నింపరాదు. జర్మనీ అక్కడి డేనిష్ వారికి ఇచ్చిన మాటను, డెన్మార్క్ తన గడ్డమీది జర్మన్ వారికి ఇచ్చింది. రెండు యుద్ధాల వైషమ్యం చూచిన సరిహద్దు ఆ తరువాత ప్రశాంతంగా ఉన్నది. పొరుగింటివాని భాషకు నా ఇంట చోటిస్తే నా భాషకు వాని ఇంట చోటు దొరుకుతుందన్న వివేకమే దీనికి మూలం.

లాట్వియన్ కథ దీనికి విరుద్ధమైనది. ఆ భాష సరిహద్దు దాటి రాజ్యమేలినది కాదు. తన ఇంటనే నిలదొక్కుకొనుటకు శ్రమించినది. లాట్వియా 1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. 1940లో సోవియట్ యూనియన్‌లో కలుపబడింది. యుద్ధంలోను, నిర్బంధ ప్రవాసాలలోను ఎందరో దేశీయులు పోయారు. కర్మాగారాల పనికై ఇతర రిపబ్లిక్కుల నుండి ఎందరో వచ్చారు. 1989 జనాభా లెక్కలనాటికి లాట్వియాలో లాట్వియన్ జాతీయులు నూటికి 52 మంది మాత్రమే. రాజధాని రీగాలో వారు మూడవవంతుకు కొంచెం పైన. తన దేశపు రాజధానిలోనే ఆ భాష అల్పసంఖ్యాకుల భాష అయినది. దుకాణంలో, కార్యాలయంలో, కర్మాగారంలో రష్యన్ లేనిదే పని జరుగదు. లాట్వియన్ తెలియకపోయినను ఏ పనీ ఆగదు. ఒక భాషకు ఇంతకన్న ప్రమాదకరమైన స్థితి లేదు.

1989లో భాషా చట్టం వచ్చింది. 1991లో స్వాతంత్ర్యం తిరిగి సిద్ధించింది. అప్పటి నుండి లాట్వియన్ మరల పాలనలోను, చదువులోను స్థానం సంపాదించుకున్నది. రష్యన్‌ను రెండవ రాజభాషగా చేయవలెనా అని 2012లో ప్రజలను అడిగినప్పుడు దాదాపు నూటికి 75 మంది వద్దన్నారు. అయితే అక్కడనే పుట్టి పెరిగిన రష్యన్ భాషీయులకు అది బాధాకరమైన తీర్పు అయింది. మరొక సంగతి కూడ చెప్పాలి. లాట్వియా తీరంలోనే లివోనియన్ అను అతిచిన్న భాష ఉండేది. దానిని మాతృభాషగా మాట్లాడిన చివరి వ్యక్తి 2013లో కన్నుమూశారు. పెద్ద భాష ముందు నలిగిన లాట్వియన్ కూడ, మరొక చిన్న భాషకు పెద్ద భాషయే. ప్రతి భాషీయుడూ ఎక్కడో ఒకచోట పెద్దవాడు, మరొకచోట చిన్నవాడు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్లెన్స్‌బర్గ్‌లో డేనిష్ పరదేశంలో ఉండి కూడ క్షేమంగా ఉన్నది. 1989 నాటి రీగాలో లాట్వియన్ స్వదేశంలో ఉండి కూడ క్షేమంగా లేదు. కాబట్టి భాష నిలవడం కేవలం అది మాట్లాడేవారి సంఖ్యపైన గాని, పటంలోని రంగుపైన గాని ఆధారపడదు. ఆ భాషకు బయట పని ఉన్నదా, బిడ్డకు అది నేర్పే బడి ఉన్నదా, పొరుగువారి గౌరవం దానికి ఉన్నదా అన్నవాటిపై ఆధారపడుతుంది.

ఈ కొలతను తీసుకొని ఇప్పుడు మన ఊరికి వద్దాము.

బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ 1887లో ఏర్పడింది. 1890వ దశకంలో బెజవాడ నుండి కటక్ వైపు తూర్పుతీర రైలుమార్గం వేయబడింది. దాని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు దిక్కుల మార్గాలు కలిసే చోట ఖరగ్‌పూర్ కూడలి వెలసింది; 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ రైల్వే కర్మాగారం ఏర్పడింది. ఆ దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల నుండి మనవారు వచ్చారు. పట్టాలు వేశారు, కొలిమి వద్ద నిలిచారు, ఇంజన్లలో బొగ్గు వేశారు. నింపురాలోను, రైల్వే క్వార్టర్లలోను కాపురాలు పెట్టారు. ఇంటి భాషతోపాటు అమ్మవారి కొలువును కూడ వెంట తెచ్చుకున్నారు.

1920వ దశకం చివర ఈ రైల్వే కార్మికుల ఉద్యమానికి నాయకత్వం వహించిన వారిలో వి.వి.గిరి గారు ప్రముఖులు. బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు. నాటి ఉద్యమంలో తెలుగు కూలీ, బెంగాలీ గుమాస్తా, ఒడియా, బీహారీ కార్మికులు ఒక్కటై నిలిచారు. ఎవరి భాషలో వారు మాట్లాడుకున్నారు; సమ్మె మాత్రం అందరిదీ ఒక్కటే. జాతీయ సమైక్యతకు ఇంతకన్న స్పష్టమైన నిర్వచనం నాకు తెలియదు.

నేడు మనం నిలిచియున్న ఈ హిజ్లీ కూడ అట్టి పుణ్యస్థలమే. 1930లో ఇక్కడ నిర్బంధ శిబిరం తెరిచారు. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పులలో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్ గుప్తా అమరులైనారు. రవీంద్రనాథ ఠాగూర్ కలకత్తా బహిరంగ సభలో దానిని నిరసించారు. స్వతంత్ర భారతదేశం ఆ శిబిర భవనంలోనే 1951లో తొలి ఐ.ఐ.టి.ని ప్రారంభించింది. నిర్బంధించిన గోడలే దేశం నలుమూలల నుండి వచ్చే విద్యార్థులకు ఆశ్రయమైనాయి. వారిలో మన తెలుగు విద్యార్థులు కూడ ఉన్నారు. అదే రవీంద్రుని రచనలను 1920, 30 దశకాలలో కార్లిస్ ఎగ్లే అను అనువాదకుడు లాట్వియన్‌లోకి తెచ్చాడు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన ఒక చిన్న దేశం వంగదేశపు కవిని తన భాషలో చదువుకున్నది. హిజ్లీ ఘటనకు చలించిన హృదయం రీగా పాఠకులకు పరిచితమే.

డేనిష్ వారితోనైతే తెలుగుకు ఇంకా దగ్గరి సంబంధమున్నది. ఇక్కడికి కొన్ని గంటల ప్రయాణంలో, హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్ 1755 నుండి 1845 వరకు డెన్మార్క్ వారి స్థావరం. ఈస్టిండియా కంపెనీ తన భూభాగంలో మతప్రచారకులను సహింపని రోజులలో విలియం కేరీ 1800లో ఆ డేనిష్ పట్టణంలో ఆశ్రయం పొందాడు. అక్కడి ముద్రణాలయం 1812లో అగ్నికి ఆహుతియైనను, మరల నిలబడి, 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణాన్ని వెలువరించింది. క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లోను, సి.పి.బ్రౌన్ వ్యాకరణం 1840లోను వచ్చాయి. వాటికన్న ముందే వంగభూమిలో తెలుగు భాష అచ్చుకెక్కింది. ఆ విధంగా బెంగాల్‌లో తెలుగు రైలుకన్న పాతది.

ఇప్పుడు మన కొలత ప్రకారం ఖరగ్‌పూర్ తెలుగును పరిశీలిద్దాము. గౌరవం విషయంలో మనకు కొరత లేదు. పశ్చిమ బెంగాల్‌లో ఒక ప్రాంతపు జనాభాలో నూటికి పదిమందికి మించి మాట్లాడే కొన్ని భాషలకు అక్కడ అధికార భాషా ప్రతిపత్తి ఇచ్చే పద్ధతి 2012లో వచ్చింది. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు కూడ అట్టి గుర్తింపు నిచ్చింది. మన రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే వసతులు కల్పించవలెనని చెబుతున్నది. తమ సంస్కృతిని, లిపిని కాపాడుకొనే హక్కును 29వ అధికరణం ఇస్తున్నది. ఫ్లెన్స్‌బర్గ్ డేనులకు 1955 ప్రకటన ఏమి ఇచ్చిందో, మనకు రాజ్యాంగం అట్టి భరోసానే ఇచ్చింది.

కాని గుర్తింపు తలుపు తెరుస్తుంది. నడిచి లోపలికి పోవలసినది మనమే. తాతగారికి ఊరినుండి వచ్చిన ఉత్తరం చదవడం వచ్చు. తండ్రిగారికి కూడబలుక్కొని చదవడం వచ్చు. మనుమడు తెలుగు మాట్లాడతాడు. అక్షరం మాత్రం చదవలేడు. అట్టి ఇళ్లు ఈ పట్టణంలో ఎన్ని ఉన్నవో మీకే బాగా తెలుసు. వాడుకకు బెంగాలీ, ఉద్యోగానికి హిందీ, ఉన్నత విద్యకు ఇంగ్లీషు అక్కరకు వస్తాయి. తెలుగు వంటగదికి, పెళ్లిపందిరికి పరిమితమవుతున్నది. ఇది రీగా నగరపు పాఠమే: ఏ పనికీ అక్కరలేని భాష కొంతకాలానికి నాలుకకు కూడ అక్కరలేనిదవుతుంది.

ఇచ్చట అనువాదకుడుగా ఒక మాట మనవి చేస్తాను. హిందీ నుండి తెలుగులోకి వ్రాసేవారిని తడబాటుకు గురిచేసే మాటలు కొన్ని ఉన్నాయి. నేను ఇప్పుడు చేస్తున్నది తెలుగులో ఉపన్యాసం. హిందీలోను, బెంగాలీలోను ఉపన్యాసమనగా నవల! అట్టిదే మరొక మాట ‘అవసరం’. తెలుగులో అవసరమనగా కావలసినది, లేనిదే జరగనిది. హిందీలో అవసర్ అనగా అవకాశం. ఒకే సంస్కృత పదం రెండు ఇళ్లలో రెండు అర్థాలతో ఉన్నది. ఆలోచిస్తే, భాషకు ఈ రెండర్థాలూ కావాలి. దానిని ఉపయోగించే అవకాశం ఉండాలి. ఉపయోగించక తీరని అవసరమూ ఉండాలి. ప్రభుత్వాలు మొదటిదానిని ఇవ్వగలవు. రెండవదానిని సృష్టించుకోవలసినది కుటుంబమూ, సమాజమూ.

ఇక మన పొరుగున ఉన్న సంతాలీని చూడండి. పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్ జిల్లాల మట్టిలో అది మనకన్న ముందునుండి ఉన్నది. తెలుగు ఇక్కడికి రైలులో వచ్చింది, సంతాలీ ఇక్కడిదే. అయినను మనకు దూరాన రెండు రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు, వెయ్యేండ్ల సాహిత్యం అండగా ఉన్నాయి. సంతాలీవారు పశ్చిమ బెంగాల్, జార్ఖండ్, ఒడిశా, బీహార్, అస్సాంలలో చెదరియున్నారు. ఎక్కడను వారిది అధిక సంఖ్యాకుల భాష కాదు. మనది ఫ్లెన్స్‌బర్గ్‌లోని డేనుల స్థితియైతే, వారిది తన గడ్డమీదనే పరాయిదైన భాష స్థితి. 1925లో పండిత రఘునాథ్ ముర్ము ఓల్ చికి లిపిని రూపొందించారు. 2003లో 92వ రాజ్యాంగ సవరణ సంతాలీని ఎనిమిదవ షెడ్యూలులో చేర్చింది. సంతాల్ కుటుంబంలో పుట్టిన ద్రౌపదీ ముర్ము గారు 2022లో రాష్ట్రపతి పదవిని అలంకరించారు. గిరి గారిని తలచుకొని గర్వించే మనం ఈ సంగతికీ అంతే గర్వించాలి.

తెలుగు బడి కావాలని, తెలుగు ఉపాధ్యాయుడు కావాలని అడిగే మనం, పక్క పల్లెలో సంతాలీ బడి కావాలన్న మాట వినపడినప్పుడు ఏమంటున్నాము? ఈ ప్రశ్నకు మనం చెప్పే సమాధానమే మన భాషాభిమానానికి గీటురాయి. ఉపాధ్యాయులూ, పుస్తకాలూ, డబ్బూ పరిమితమైనవే, ఒకరికి ఇస్తే మరొకరికి తగ్గుతాయి కదా అని కొందరనవచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని తనకు హక్కు, ఇతరులకు దయ అనే వాదం ఏనాడూ నిలవదు. నేడు సంతాలీని చిన్నచూపు చూచిన తర్కమే రేపు ఖరగ్‌పూర్‌లో తెలుగును చిన్నచూపు చూస్తుంది. జర్మనీ, డెన్మార్క్ ఇద్దరూ ఇచ్చిపుచ్చుకొన్నందువల్లనే ఆ సరిహద్దున శాంతి నిలిచింది.

భాషలకు ఇట్లు వేర్వేరు బడులు, పత్రికలు ఉంటే దేశం చీలిపోదా అని మరికొందరి సందేహం. 1920వ దశకపు రైల్వే కార్మికులు దానికి సమాధానం చెప్పియున్నారు. తన భాషలో ధైర్యంగా నిలిచినవాడే పొరుగు భాషను భయం లేకుండా నేర్చుకోగలడు. ఖరగ్‌పూర్ తెలుగు బిడ్డకు సహజంగానే మూడు నాలుగు భాషలు వస్తాయి. హైదరాబాదు బిడ్డకు గాని, కలకత్తా బిడ్డకు గాని లేని సంపద అది. ఆ నాలుగింటిలో ఇంటి భాష ఒక్కటే చదువుకు నోచుకోకపోవడమే మన విచారం.

చివరగా ఆచరణకు మూడు మాటలు. మొదటిది: వారానికి రెండు సాయంకాలాలు పిల్లలకు తెలుగు చదవడం, వ్రాయడం నేర్పండి. అక్షరాలు వచ్చిన తాతలు, అమ్మమ్మలు ఈ పట్టణంలో ఇంకా ఉన్నారు. వారిని మించిన గురువులు లేరు. రెండవది: మీ పెద్దలు ఏ ఊరినుండి, ఏ పనికి, ఎట్లు వచ్చారో వారి నోట విని తెలుగులో వ్రాసి పెట్టండి. అప్పుడు బిడ్డకు తెలుగు చదువవలసిన అవసరం ఏర్పడుతుంది, ఎందుకనగా ఆ కథ వేరే భాషలో దొరకదు. మూడవది: మీలో బెంగాలీ, సంతాలీ బాగా తెలిసినవారు ఆ భాషల నుండి నేరుగా తెలుగులోకి అనువదించండి. నావంటివాడు హిందీ ద్వారా వచ్చిన వంగ సాహిత్యాన్ని తెలుగు చేయగలడు. మీరు వీథిలో విన్న మాటనే తెలుగు చేయగలరు. ఈ పని సరిహద్దులో నివసించేవారికే సాధ్యం.

భాష ఎక్కడ నివసిస్తుందని మొదట ప్రశ్నించుకున్నాము. బిడ్డ చేతి పలకమీద, పొరుగువాని చెవిలో దానికి చోటున్నంతకాలం, అది సరిహద్దుకు ఈవల ఉన్నదా, ఆవల ఉన్నదా అన్నది పెద్ద సంగతి కాదు. హిజ్లీలో తెలుగుకు ఆ చోటు నిలపవలసినవారు మీరు; మీతోపాటు సంతాలీకి ఆ చోటు విడువవలసినవారు కూడ మీరే.